నోటీసులు చదివి చెప్పిన చిన్నాయన

మా చిన్నాయన పోయాడన్న వార్త నాకు బస్సులో తెలిసింది. పోయిన సోమవారం పొద్దున పటాన్‌చెరులో బడికి పోవడానికి బస్సెక్కితే, సంగారెడ్డి నుంచి వస్తున్న ఆ బస్సు కండక్టరు నా పక్కన నిలబడి, "టీచరమ్మా, మీ చిన్నాయన తెల్లారంగ పోయిండు" అన్నాడు. టికెట్టు కొట్టడం కూడా మరిచిపోయాడు. అతని రేషన్ కార్డు దరఖాస్తు రాసిపెట్టింది చిన్నాయనే.

ఆయన ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చు. సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుంటే లైసెన్సు కాగితంతో షావుకార్లు, భూమి లెక్కల పహాణీ నకళ్లతో రైతులు వచ్చేవారు. ముందు తనలో తాను చదువుకుని, కళ్లద్దాలు తీసేసి అప్పుడు చెప్పేవాడు. ఎందుకని అడిగితే, "అద్దాలు పెట్టుకుంటె నేను గూడ ఆఫీసరు లెక్క కనవడ్త బిడ్డా. భయపడ్తరు" అన్నాడు.

మా దిక్కు ఫ్యాక్టరీలు మొదలైన రోజులవి. పటేల్‌గూడ వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. చావడి గోడ మీది నుంచి వానకు ఊడిపడిన నోటీసును కొంగులో చుట్టుకొచ్చింది. చిన్నాయన చదివాడు. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు.

"ఏమున్నది సారూ?"

"నీ పొలం ఫ్యాక్టరీకి తీసుకుంటరంట అవ్వా. ఇష్టం లేకుంటె చెప్పుమన్నరు."

"నాకు ఇష్టం లేదు. రాయి."

"చెప్పే తారీకు దాటిపోయింది."

"మరి నాకెవలు చెప్పిండ్రు?"

నోటీసు అంటించిన ఆ నెలంతా చిన్నాయన టైఫాయిడ్‌తో మంచం మీద ఉన్నాడు. లేకపోతే ఎవరో ఒకరు ఆ కాగితం తెచ్చి చూపించేవారేనని మా చిన్నమ్మతో ఎన్నిసార్లు అన్నాడో.

అయినా అర్జీలు రాశాడు. సెలవు పెట్టి అవ్వను వెంటబెట్టుకుని భూసేకరణ అధికారి దగ్గరికి పోయాడు. ఆ అధికారి మంచివాడే. అవ్వకు కుర్చీ వేయించి, అంతా విని, "గడువు పెంచడం నా చేతుల్లో లేదమ్మా" అన్నాడు. హైదరాబాదులో పెద్ద ఆఫీసులోనూ అదే మాట. తిరుగు బస్సులో అవ్వ ప్రతిసారీ, "మల్ల ఎప్పుడు పోదాం?" అనేది. "పోదామవ్వా" అనేవాడు, లాభం లేదని తెలిసి కూడా.

తర్వాత ప్రతి ఆదివారం సైకిల్ మీద కిష్టారెడ్డిపేట దాకా తిరిగి, చావడి గోడల మీది ప్రతి కాగితాన్నీ గట్టిగా చదివి వినిపించేవాడు. కొందరు గడువులోపలే అభ్యంతరం రాసిచ్చారు. వాళ్ల భూములూ పోయాయి.

"మరెందుకు చిన్నాయనా ఈ తిరుగుడు?" అన్నాను ఒకసారి.

"పోతున్నదన్న సంగతన్న తెల్వాలె గద బిడ్డా" అన్నాడు. సైకిల్ చైను ఊడితే వంగి సరిచేసుకుంటున్నాడు.

ఇప్పుడు ఆయన్ను తలుచుకుంటే అరుగు గుర్తు రాదు. ఒక ఎండాకాలం బస్సు కిటికీలోంచి చూసింది గుర్తొస్తుంది. అవ్వ పొలం చుట్టూ ప్రహరీ కడుతున్నారు. గోడ అప్పటికి నడుము ఎత్తు లేచింది. రోడ్డు పక్క కంకర కుప్ప మీద అవ్వ, చిన్నాయన కూర్చున్నారు. అవ్వ చెయ్యి చాపి గోడ అవతల ఏదో చూపిస్తూ చెబుతోంది. ఆయన వింటున్నాడు. మేస్త్రీ ఇంకో వరస ఇటుకలు పేరుస్తున్నాడు.