చెప్పులేసుకుని పడవెక్కిన మనిషి

నిన్న మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే, పదిహేనేళ్లుగా నాతో మాటల్లేని మా బావ, అంటే మా మేనమామ కొడుకు, ఫోనుకి ఒక వీడియో పంపాడు. పడవెక్కుతున్న మా నాన్నట. ఇప్పుడు ఫోనుకి నాలుగు ముక్కలు చెబితే చాలు, పోయినవాళ్లను కూడా నిమిషంలో నడిపించేస్తుందని అందరూ మురిసిపోతున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండి సగంలోనే ఆపేశాను. ఒకప్పుడు నాన్నను నడిపించడానికి ఏడాది పాటు ఆదివారాలన్నీ ధారపోస్తే, అదంతా బూడిదలో పోసిన పన్నీరు చేసింది ఈ పెద్దమనిషే మరి.

మాది నిజాంపట్నం పక్కన పల్లె. నా చిన్నతనంలోనే నాన్న సముద్రం మీద చేపల వేటకి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. రెండువేల ఎనిమిది ప్రాంతంలో, నేను రేపల్లెలో గుమాస్తాగా ఉన్నప్పుడు, అమ్మ కళ్లలో నీటికాసులు ముదిరి, ఇంక చూపు నిలవదని డాక్టరు తేల్చేశాడు. అమ్మ ఏడవలేదు. కళ్లు పోయేలోగా మీ నాన్న పడవెక్కడం ఒక్కసారి చూస్తే చాలని మాత్రం అంది. అదే సమయంలో తెనాలిలో మా బావ నడిపే ఇంటర్నెట్ సెంటర్లో ఒక వింత చూశాను. కంప్యూటర్ లోపల, దేశదేశాలవాళ్లు ఇంటర్నెట్లో కలిసి తిరిగే ఒక లోకం, అందులో మనకో బొమ్మ, దాన్ని ఎలా కావాలంటే అలా మార్చి నడిపించవచ్చు, ఆ నడకను రికార్డు చేస్తే సినిమా అవుతుంది.

ఇక ప్రతి ఆదివారం రేపల్లెలో మొదటి రైలెక్కి అక్కడికి చేరేవాణ్ణి. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, కంప్యూటర్ మీద తెలిసిన విద్య ఆఫీసు ఉత్తరాలు టైపు చేయడం. కోటూ బూట్లతో దొరబాబులా నిలబడ్డ బొమ్మను మా నాన్నను చేయాలి. ముక్కెలా ఉండేది, భుజాలెంత ఉండేవని వారమంతా అమ్మను అడగడం, ఆదివారం వాటిని పెంచడం, తగ్గించడం. పంచె కట్టబోతే గోడకి వేసిన రంగులా కాళ్లకి అతుక్కుపోయేది. పడవెక్కేముందు నాన్న వంగి అంచుకి దణ్ణం పెట్టేవాడట. దణ్ణం పెట్టే కదలిక ఎంత వెతికినా దొరక్క, కింద పడ్డదేదో ఏరుకునే కదలికతో సరిపెట్టాను. అన్నీ కుదిరి రికార్డు మొదలుపెట్టేసరికి, ఏ దేశంవాడిదో రెక్కలున్న బొమ్మొకటి వచ్చి మా పడవలో తీరుబడిగా కూర్చునేది. లేకపోతే కరెంటు పోయేది.

ఇవన్నీ ఓర్చుకున్నాను గాని, కుర్చీ వెనక నిలబడి వంకలు పెట్టే మా బావను ఓర్చుకోవడం నా వల్ల కాలేదు. బాపట్లలో పెరిగి, సముద్రాన్ని ఒడ్డునుంచి తప్ప ఎరగనివాడు, నాకు కెరటాల గురించి పాఠం చెప్పేవాడు. చివరి ఆదివారం బొమ్మకి బూట్లు తీసేస్తే, వేళ్లు అతుక్కుపోయిన మట్టిముద్దల్లాంటి పాదాలు బయటపడ్డాయి. "ఆ కాళ్లేంట్రా, చూడలేకపోతున్నాం, చెప్పులెయ్యి" అన్నాడు బావ. వేశాం.

అమ్మను తెనాలి తీసుకొచ్చాను. తెరకి జానెడు దూరంలో ముఖం పెట్టి చూసింది. నడక చూసి నవ్వింది. బొమ్మ పడవలో కాలు పెట్టగానే ఆ నవ్వు పోయింది. మావాళ్లకి పడవంటే సాక్షాత్తూ గంగమ్మ తల్లి, చెప్పులు ఇసకలో విడవకుండా ఎవడూ ఎక్కడు. "మీ నాన్న కాదురా. చెప్పులేసుకుని పడవెక్కే మనిషి మనింట్లో లేడు" అని ముఖం తిప్పుకుంది. మళ్లీ పెట్టమని అడగలేదు.

అమ్మ ముందే బావను నానా మాటలూ అన్నాను. చెప్పులు తీసి మళ్లీ రికార్డు చేయడానికి ఒక్క పూట చాలు, కానీ ఆ గడప తొక్కడానికి పౌరుషం అడ్డొచ్చింది. చివరికి రేపల్లెలోనే అలాంటి కంప్యూటర్ ఇంకోచోట దొరికి, కూర్చుని తీసేసరికి ఆరు నెలలు దాటిపోయాయి. అప్పటికి అమ్మ కంటికి వెలుతురు తప్ప ఏదీ ఆనడం లేదు. పక్కన కూర్చుని, నాన్న వట్టికాళ్లతో ఎక్కుతున్నాడని నేనే చెప్పాను. "సరేలే నాయనా" అంది. అమ్మ పోయిన రోజున బావ వచ్చినా పలకరించలేదు నేను.

ఇవాళ పొద్దున ఆ వీడియో చివరిదాకా చూశాను. ముఖం ఎవరిదో, పడవ ఏ దేశానిదో. కానీ ఆ మనిషి ఒడ్డున చెప్పులు విడిచి, వంగి అంచుకి దణ్ణం పెట్టి ఎక్కాడు. బావ మరిచిపోలేదు. వేశాం అని పైన రాశాను గాని, వేసింది నా చెయ్యే. బాపట్లవాడికి ఆ సంగతి తెలియదంటే అర్థముంది. పడవల మధ్య పుట్టి, ఆఫీసు బూట్లకి అలవాటుపడి మరిచిపోయినవాణ్ణి నేను. ఆ సిగ్గు మింగలేక ఇన్నేళ్లు వాణ్ణి తిట్టుకుంటూ బతికాను.

ఇప్పుడు రేవులో కుర్రాళ్లు చెప్పులతోనే బోట్లలోకి దూకుతున్నారు, అదేంటని అడిగేవాళ్లు లేరు. నాకు ఏడాది పట్టిన పని ఫోను నిమిషంలో చేసిపెడుతోంది. ఎంత బాగా చేసినా, జానెడు దూరంలో ముఖం పెట్టి చూసి, అది మీ నాన్నో కాదో చెప్పగల మనిషి మాత్రం లేదు.