పది నిమిషాల ముందు గంట

ఆళ్లగడ్డలో పుట్టి నంద్యాలకు కోడలిగా వచ్చిన సలోమి పంతొమ్మిదేళ్లుగా హైస్కూల్లో అటెండరు. బల్లలు తుడవడం, రిజిస్టర్లు మోయడం ఎవరైనా చేస్తారు గానీ, గంట మాత్రం ఆమె తప్ప ఇంకొకరు ముట్టకూడదు. ఆ ఇనుప పట్టీ మీద ఆమె దెబ్బ పడితే ఆరువందల మంది లేచి నిలబడాల్సిందే. అంతటి అధికారం కలెక్టరుకైనా ఉందా?

అలాంటిది, హెడ్‌మాస్టర్ వెంకటేష్ కొత్తగా ఒక పాట ఎత్తుకున్నాడు. "కరెంటు బెల్లు అయితే దానంతటదే మోగుతాది. నీ గంట ఒక్కసారి తప్పినా తెప్పిస్తా సలోమమ్మా."

ఆ వారమే బడిలో ఫోన్లు నిషేధమన్నారు. పిల్లలకే కాదు, అయ్యవార్లకూ అంతే. ప్రార్థన కాగానే అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. సలోమి ఫోనూ అందులోకే పోయింది. ఆమె గంట కొట్టేదే ఆ ఫోను చూసి! గోడ గడియారం ఆగిపోయి ఏళ్లయింది, వాచీ కట్టే అలవాటు ఎవరికీ లేదు. ప్రమీల టీచర్ చేతికి ఒకటుంది గానీ అది చీరకు జోడీ, నడవదు.

గోడవతలే చర్చి. సలోమి ఒక్క పరుగున పోయి పాస్టరు దావీదును అడిగింది.

"అయ్యగారూ, మీ గడియారం ఇయ్యండి. లేకుంటే నా గంట పోతాది."

"తీస్కపోమ్మా, ఆదివారానికి తెచ్చియ్యి" అన్నాడాయన.

ఇక చూడాలి ఆమె హుషారు! గడియారాన్ని వరండాలో మేకుకు తగిలించి, ముల్లు చూసి మరీ గంటలు కొట్టింది. మధ్యాహ్నం వంట చేసే అనసూయమ్మ గరిటెతో వచ్చి నిలబడింది.

"ఏందే సలోమీ, అన్నం ఇంగా ఉడుకుతాండాది, అప్పుడే కొడ్తివి?"

"గడియారం అబద్ధం చెప్తాదా? నువ్వే పొయ్యి లేటుగా ఎలిగించింటావ్."

సాయంత్రం లాంగ్ బెల్ కొట్టింది. పిల్లలు కట్టలు తెంచుకుని పరుగెత్తారు. హెడ్‌మాస్టర్ బీరువా తెరిచాడు. ఏ ఫోను చూసినా నాలుగూ ఐదు. బడి వదలాల్సింది నాలుగుంపావుకు!

అప్పుడు గుర్తొచ్చింది సలోమికి. ఆరాధనకు జనం ఆలస్యంగా వస్తారని పాస్టరు ఆ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పి ఉంచుతాడు. సంఘమంతటికీ తెలుసు, ఆమెకూ తెలుసు. కంగారులో మరిచింది. కొంప మునిగిందనుకుని, పిల్లల్ని వెనక్కి తేవడానికి చెప్పులైనా వేసుకోకుండా గేటు వైపు పరుగు తీసింది. వెనకాలే హెడ్‌మాస్టరు.

గేటు ముందు గడివేముల బస్సు కదులుతోంది. రోజూ బడి వదలకముందే వెళ్లిపోయే బస్సది. తర్వాతి దానికి పిల్లలు గంటన్నర పడిగాపులు పడేవాళ్లు. ఈరోజు దాని నిండా ఈ బడి ఆడపిల్లలే. కిటికీల్లోంచి చేతులూపుతూ గొంతు చించుకుంటున్నారు.

"సలోమక్కా! బస్సు దొరికిందక్కా! రేపు గూడా ఇట్లే కొట్టక్కా!"

బస్సు మలుపు తిరిగేదాకా హెడ్‌మాస్టర్ చూస్తూ నిలబడ్డాడు.

"ఎంతమందుంటారు?"

"నలభై పైనే సార్."

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగల్యా సార్."

ఆయన నవ్వేశాడు. "పైవాళ్లతో నేను మాట్లాడతా. పొద్దున బడి పది నిమిషాలు ముందు పెట్టి, సాయంత్రం ముందే వదుల్దాం."

"మరి కరెంటు బెల్లు?" సలోమి ఆగలేక అడిగేసింది.

"దానికి ఇట్లాంటి తప్పు చేయడం యాడొస్తాది?"

సలోమికి సంతోషంతో కాళ్లు నేల మీద ఆనలేదు. తిన్నగా ఖాళీ బడిలోకి నడిచి, అవసరం లేకపోయినా, గంట మీద గట్టిగా ఒక్క దెబ్బ వేసింది.