మా ఆవిడ గడిలో నా రాత

2003 ఫిబ్రవరి, ఒక బుధవారం. ప్రత్తిపాడు, మా ఇంటి వసారా. హాజరైనవారు: తనిఖీ అధికారి వసుంధర గారు, అటెండరు మస్తాను, నా భార్య సుభద్ర, నేను.

నా డైరీలో ఆ పేజీ ఇంతటితో ఆగిపోయింది. మిగతాది రాయడానికి ఆ రోజు చెయ్యి ఆడలేదు. ఉద్యోగం ఊడే దాకా తెచ్చిన ఆ ఘనకార్యం ఇప్పుడు చెబుతాను, నవ్వుకోండి.

అప్పట్లో నేను ఇంటింటి సర్వేలు చేసే గుమాస్తాని. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ తేడా ఎంతో తేల్చే సర్వే వచ్చింది. తిండి, విశ్రాంతి, ఆరోగ్యం, చదువు, ఇంట్లో మాట చెల్లుబాటు, ఈ ఐదింటికీ భర్తకో గడి, భార్యకో గడి. ఇద్దర్నీ విడివిడిగా అడగాలి. అలాగే అడిగానని కింద సంతకం పెట్టాలి. అది తప్పుడు సంతకమైతే సస్పెన్షనే.

మిరపచేల గట్ల వెంట ఎండలో తిరిగి అందర్నీ అడిగాను. జాబితాలో చివరి ఇల్లు ఒకటి మిగిలింది. అది మాదే. మా ఇంటి సంగతి నాకు తెలియదా అని ఆఫీసు బల్ల దగ్గరే రెండు గడులూ నింపేసి, కింద సంతకం కూడా పెట్టేశాను. ఇంటి దీపమని ముద్దుపెట్టుకుంటే మూతి కాలుతుందన్నారు పెద్దలు. నాకు మీసం కూడా కాలింది.

తనిఖీకి ఏ ఇల్లో తేల్చే చీటీ మస్తాను తీశాడు.

"సారూ, మీ ఇల్లే తగిలింది. భోజనం కూడా అక్కడే అయిపోద్ది."

దారి పొడుగునా నా గుండె జిన్నింగు మిల్లులో పడ్డ పత్తిలా కొట్టుకుంది. సుభద్రకి ఒక్క సైగ చేసే సందు దొరికితే చాలనుకున్నాను. మేడం నన్ను వసారా చివర కూర్చోబెట్టి, మా ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకున్నారు.

"ఎన్నింటికి లేస్తారమ్మా?"

"నాలుగున్నరకండి."

నేను ఆరింటికని రాశాను. నేను లేచేది ఆరుకే మరి.

"ఒంట్లో ఎలా ఉంటుంది?"

"ఏడాది నుంచి మోకాలు పోటండి."

"జబ్బేమీ లేదని ఉందే ఇక్కడ."

ఆగలేకపోయాను. "నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పానండీ. అప్పుడు మీరు వాన ఎంత పడిందో డైరీలో రాసుకుంటున్నారు."

మస్తాను గోడవైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని మీకూ తెలుసు.

మేడం కలం మూసి అసలు ప్రశ్న వేశారు. "ఈయన మిమ్మల్ని అడిగే రాశారా?"

నా ఇరవయ్యేళ్ళ సర్వీసు ఆ ఒక్క జవాబు మీద వేలాడుతోంది. సుభద్ర కూరలో ఉప్పు చూసినట్టు నా వంక చూసింది.

"లేదండి. నా సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసనుకున్నారు. అవునూ, మాట చెల్లుబాటు దగ్గర ఏం రాశారు?"

"ఇద్దరికీ సమానం అని."

"అయితే ఆయన ఉద్యోగం జోలికి పోకండి. నన్ను అడిగి మళ్ళీ రాయమనండి. ఇది నా మాట. చెల్లుద్దో లేదో చూద్దాం."

మేడం మళ్ళీ కలం తెరిచారు. తర్వాత ఆ ఫారం అడ్డంగా కొట్టేసి కొత్తది నా చేతికిచ్చారు. "ఆవిడ మాట చెల్లింది. రేపు ఆవిడ లేచినప్పటి నుంచి వెనకాలే ఉండి రాయండి."

మర్నాడు నాలుగున్నరకు అట్ట, ఫారం పట్టుకుని వంటింట్లో హాజరయ్యాను.

"మీరిప్పుడే లేస్తే కాఫీ రెండుసార్లు పెట్టాలి. మీ ఆడా మగా తేడా ఇంకో పావుగంట పెరిగింది, రాసుకోండి" అంది సుభద్ర.

రాసుకున్నాను. కాఫీ తాగి, తూర్పుకు తిరిగి నిలబడి, ఇక ఈ జన్మలో నిన్ను అడగనిదే నీ గడిలో సున్నా అయినా చుట్టనని ప్రమాణం చేశాను.

"మంచిది. ఆ గ్లాసు కడిగి చెయ్యండి ప్రమాణం."