మా ఇంటి మీద పెట్టిన చుక్క

నెల్లూరు ఆఫీసులో నా పని మ్యాపు మీద చుక్కలు పెట్టడం. ఒక్కో చుక్క ఒక్కో కిడ్నీ రోగి. చుక్కలు నిజంగానే ఒకచోట గుంపు కట్టాయా, ఊరికే అలా పడ్డాయా అని కంప్యూటర్ లెక్క చూస్తుంది. గుంపైతే చుట్టూ హద్దు గీస్తుంది. హద్దులో పడిన ఊరికి మంచినీళ్ల ప్లాంటు వస్తుంది. పడని ఊరు కిడ్నీలు పాడుచేసే ఆ బోరు నీళ్లే తాగాలి.

మా అక్క మెట్టినిల్లు చిట్టమూరు వైపు, పులికాట్ ఒడ్డున చేపలు పట్టే పల్లె. అక్కడి బోర్లన్నీ ఉప్పే. కిడ్నీలు దెబ్బతిని అక్క బిట్రగుంట దగ్గర మా ఇంటికి వచ్చేసింది. ఆడమనిషికి జబ్బు చేస్తే పుట్టింటికి పంపడం మా బెస్తపల్లెల్లో మామూలే.

లెక్క తేలింది. ఆ పల్లెలో గుంపు లేదట. "ప్లాంటు ఫైలు మూసెయ్యవయ్యా" అన్నాడు మా ఆఫీసరు. ఆ మాట ఇంట్లో చెప్పగానే అక్క లేచి కూర్చుంది.

"నన్ను యాడ పెట్టినావురా?"

"ఇక్కడే, మన ఇంటి మీద."

"నీ చదువు తగలెయ్య! పదేళ్లు నేను తాగింది ఆ ఊరి నీళ్లురా! మా వీధిలో ఆడోళ్లందరూ ఇట్నే తలా ఒక పుట్టింట్లో పడున్నారు. గుంపు యాడ కనబడుద్ది నీకు?"

ఛీ! పుట్టింటికి పంపే అలవాటు తెలిసిన నాకే బుర్ర పనిచేయలేదు. రోగి ఇప్పుడెక్కడుంటే అదే అడ్రసు రాసుకుంటూ పోయాను. వారం రోజులు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఆడవాళ్ల చుక్కలన్నీ మెట్టినిళ్లకు మార్చాను. ఒడ్డు పొడుగునా చిక్కగా పడ్డాయి. కంప్యూటర్ ఎర్రగా హద్దు గీసింది, అక్క పల్లె సరిగ్గా మధ్యలో ఉంది.

ఆఫీసరు ఆ కాగితం ముట్టుకోను కూడా లేదు. "రిపోర్టు పైకి పోయిందయ్యా. మళ్లీ సర్వేలో చూద్దాంలే."

"అందాకా వాళ్లేం తాగాలి సార్?" గట్టిగానే అరిచాను.

"అడ్రసులు రాసింది నువ్వే కదా?"

ఒళ్లు మండిపోయింది. కానీ రాసింది నేనే.

బావ ఒక్కడే ఉన్నాడని అక్క ఆ నెలలోనే తిరుగు ప్రయాణమైంది. రెండు క్యాన్ల నీళ్లు సీటు కింద పెట్టి బస్సెక్కించాను.

"రిపోర్టులో మార్చినారా?" కిటికీలోంచి అడిగింది.

"లేదక్కా."

"అయితే గవర్నమెంటు లెక్కలో నేనింకా మీ ఇంట్లోనే ఉండి, మంచి నీళ్లు తాగతా ఉన్నానన్నమాట" అంది. బస్సు కదిలింది.