కోర్నీయ్ లేపమన్న వంతెన

కోర్నీయ్‌కి కోపం ముక్కు మీదే ఉండేది. ఉక్రెయిన్‌లో ద్నీప్రో నది ఒడ్డున మా ఊళ్లో అంబులెన్స్ కేంద్రం కంప్యూటర్లన్నీ అతనే చూసేవాడు. తిడుతూ బాగుచేసేవాడు, బాగుచేసి మళ్లీ తిట్టేవాడు. ఫోన్లెత్తే ఉల్యానా అయితే అతని పేరు చెబితేనే వణికేది. "నేను చెప్పకుండా కంప్యూటర్ మీద చెయ్యి వేశావో, వేళ్లు విరుస్తా" అనేవాడు. ఇంట్లో భార్య మెలానియా ఒక్కతే అతన్ని చూసి నవ్వేది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీకు ఊరెక్కడ దొరుకుతుందయ్యా" అంటూ బీట్‌రూట్ బోర్ష్ చారు వడ్డించేది.

ఊళ్లో ఎవరు అంబులెన్స్‌కి ఫోన్ చేసినా ఆ పిలుపు ఒక పాత ప్రోగ్రాంలోకే రావాలి. అదేమో కొత్త కంప్యూటర్లో నడవనని మొరాయించింది. అందుకని కోర్నీయ్ కొత్తదాని లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ని పుట్టించి, ముసల్దాన్ని అందులో కాపురం పెట్టించాడు. పిలుపులు వచ్చేలా లోపలిదాన్ని బయటి ఇంటర్నెట్‌తో కలిపే దారిని ఈ పనివాళ్లు వంతెన అంటారు. యుద్ధం రోజులు, ఎందుకైనా మంచిదని లోపలిదానికి నకలు కూడా తీసిపెట్టాడు. నకలుకి గుర్తు నంబరు మార్చడం మాత్రం మరిచిపోయాడు.

ఆ పొద్దున క్షిపణులు పడ్డాయి. కరెంటు పోయి వచ్చింది. అసలూ నకలూ రెండూ ఒకేసారి లేచి, ఒకే గుర్తుతో ఇంటర్నెట్ కోసం జుట్లు పట్టుకున్నాయి.

ఒక క్షిపణి కోర్నీయ్ ఉండే అపార్ట్‌మెంటు మీదే పడింది. మెలానియా లోపలే ఉంది. అతను ఇంటికి పరుగెడుతూ నది వంతెన దగ్గరికి వచ్చేసరికి ఉల్యానా ఫోన్ చేసింది.

"బాబాయ్, ఊరు తగలబడుతుంటే నా తెరమీద ఒక్క పిలుపూ లేదు."

అంబులెన్సే కదలకపోతే తను ఒట్టి చేతుల్తో వెళ్లి చేసేదేముంది? ఆగాడు.

"రెండు కనపడుతున్నాయా? రెండోదాన్ని చంపెయ్."

"చంపేశాను."

"ఇప్పుడు వంతెన పడగొట్టు. పాత గుర్తు చెరగడానికి కాస్త టైం పడుతుంది, నేను లేపమనేదాకా ముట్టుకోకు."

"పడగొట్టాను బాబాయ్."

వెనకే నది వంతెనకి కాపలా ఉన్న ప్రొకీప్ ఇదంతా విన్నాడు. నిన్నటిదాకా ట్రాక్టర్ నడిపినవాడు, ఇవాళ చేతిలో తుపాకీ. తుపాకీ మడమతో కోర్నీయ్ తల వెనక ఒక్కటిచ్చాడు.

"ఎవర్ని చంపించావురా? ఏ వంతెన కూలగొడుతున్నావు?"

"గాడిదా, అది కంప్యూటర్ వంతెనరా," అన్నాడు కోర్నీయ్.

మంచిగా చెబితే వినేవాడేమో. గాడిద అన్నందుకు కోర్నీయ్‌కి రెండు పళ్లు రాలాయి. గూఢచారి దొరికాడని పక్కన రొట్టెల దుకాణం ముందు వరసలో ఉన్న ఆడవాళ్లు కూడా వచ్చి కాళ్లతో కుమ్మారు. పక్కటెముక విరిగింది. కింద పడ్డ ఫోన్లోంచి "లేపనా బాబాయ్, లేపనా" అని ఉల్యానా అడుగుతూనే ఉంది. చెప్పాల్సింది ఒక్క మాట. నోరు తెరిచినప్పుడల్లా ప్రొకీప్ బూటు పడింది.

చివరికి కోర్నీయ్ ఆ కాలినే పట్టి, పిక్క కండ ఊడేలా కొరికాడు. ప్రొకీప్ వంగాడు. తలతో గుద్దితే వాడి ముక్కు చితికింది. నెత్తురు ఉమ్మి "లేపవే" అని అరిచాడు.

ఆగిపోయిన పిలుపులన్నీ ఒక్క ఊపున తెరమీద పడ్డాయి. మెలానియాది పైనే ఉంది. బండి వెళ్లేసరికి తొడలోంచి నెత్తురంతా పోయింది. ఇంకాస్త ముందొస్తే బతికేదని డాక్టరు చెప్పాడు.

"లేపడం నాకూ తెలుసు బాబాయ్," అంది ఉల్యానా ఏడుస్తూ. "ముట్టుకోవద్దన్నావని ఆగాను."

ఎప్పుడూ తిట్టే కోర్నీయ్ ఆ పిల్ల తల నిమిరాడు.

ఖననం రోజున ప్రొకీప్ ముక్కుకి కట్టుతో, టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. కోర్నీయ్ శవపేటిక పక్కనుంచి లేచి, అందరి ముందూ వాడి మొహం మీద పిడికిళ్లతో కొట్టాడు. కట్టు మళ్లీ ఎర్రబడింది. ప్రొకీప్ చెయ్యి ఎత్తలేదు. కొట్టి కొట్టి విరిగిన ఎముక నొప్పికి కోర్నీయే కూలబడి, గొంతు పగిలేలా ఏడ్చాడు.

మగాళ్లంతా యుద్ధంలో ఉన్నారు. పేటిక మొయ్యడానికి ఒక భుజం తక్కువైంది. కోర్నీయ్ కళ్లు తుడుచుకుని లేచాడు.

"పట్టు," అన్నాడు ప్రొకీప్‌తో.