ఇందులో ఏం వేశారండీ?

కృష్ణారావు వడ్డించింది తినే మనిషి కాదు, విచారణ జరిపే మనిషి. "ఇందులో ఏం వేశారండీ?" అన్న ప్రశ్నకు జవాబు వస్తేగానీ ముద్ద నోట్లోకి వెళ్లదు.

పాపం, ఆయన బాధ ఉత్తుత్తిది కాదు. ఏళ్లుగా మెడ నుంచి నడుము దాకా నొప్పులు. నొప్పి రేగిన రోజున కుక్కర్ విజిల్ చెవిలో మేకులా దిగుతుంది, పోపు వాసనకు కడుపులో తిప్పుతుంది. ఏది తింటే రేగుతుందో ఒక్కొక్కటే మానేసి చూసుకోమన్నాడు డాక్టర్. ఇక చూడండి! చింతపండు మానేశాడు, మైదా మానేశాడు. ఊరగాయ మానేసిన రోజున గుంటూరులో అత్తగారు ఫోన్లోనే ఏడ్చింది. నొప్పులు సగానికి తగ్గాయి గానీ, భార్య కామేశ్వరికి పరువు బెంగ పట్టుకుంది.

కీసరగుట్ట మీద పులిహోర పెడుతున్న పూజారినీ ఆయన వదల్లేదు.

"స్వామీ, ఇందులో చింతపండా, నిమ్మకాయా?"

"ప్రసాదం నాయనా!"

"సరే స్వామీ, పులుపు దేనిదీ అని."

వెనక వరుస మేడ్చల్ దాకా సాగిందని కామేశ్వరి ఇప్పటికీ అంటుంది.

అందుకే శామీర్‌పేటలో పక్కింటి దుర్గాబాయి వ్రతం భోజనానికి పిలిస్తే కామేశ్వరి గుండెల్లో రాయి పడింది. ఆ కొత్త కాలనీలో తనకున్న ఒక్కగానొక్క స్నేహితురాలు దుర్గాబాయి. ఆవిడేమో తన వంటను ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకునే మనిషి కాదు.

"ఈ ఒక్క పూటా నోరు విప్పకండి. పడనిది పక్కన పెట్టేయండి" అని కామేశ్వరి భర్తతో ఒట్టు వేయించుకుంది.

పప్పు వచ్చింది, కృష్ణారావు అడగలేదు. బగారన్నం వచ్చింది, పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కామేశ్వరికి మొగుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

అంతలో దుర్గాబాయి వంకాయ కూర తెచ్చింది. ఎదురు వరుసలో ఆమె కొత్త కోడలు స్రవంతి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దత్తమ్మా, వంకాయ తింటే తల పగుల్తది."

"ఏంది నీ నకరాలు? ఇంతమంది తింటలేరా? గీ వాసన పడది, గా కూర పడది! తల్లిగారింట్ల గిదే నేర్పిన్రా?"

చుట్టాలు నవ్వారు. కణతలు నొక్కుకుంటున్న ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దుర్గాబాయిగారూ! ఆ కూరలో ఏం వేశారండీ?" అన్నాడు కృష్ణారావు.

కామేశ్వరి కళ్లు మూసుకుంది.

"వంకాయలే సారూ. పల్లీలు, నువ్వులు…"

"అమ్మో, వంకాయా! తిన్నానంటే రెండు రోజులు మంచం దిగను. తల బద్దలవుతుంది, వెలుతురు చూడలేను. డాక్టరే మానేయమన్నాడు."

దుర్గాబాయి చేతిలో గరిటె ఆగిపోయింది. "నిజంగనా సారూ? వంకాయతోని గట్ల గూడ అయితదా?"

"కొందరికి అవుతుందండీ. చూసేవాళ్లకు వేషాల్లా ఉంటుంది, అంతే."

దుర్గాబాయి కోడలి వైపు తిరిగింది. "నాకు ఎర్కలేకపాయె బిడ్డా. జర ఆగు, జల్దీ సొరకాయ వండుకొస్త. మీకు గూడ సారూ!"

గేటు దాటగానే కామేశ్వరి నిలదీసింది. "వంకాయ మానేయమని ఏ డాక్టర్ చెప్పాడండీ? మీకు మిగిలిన సుఖం అదొక్కటేగా!"

"ఒక్కళ్లు వద్దంటే నకరాలంటారే. ఇద్దరు వద్దంటే జబ్బేమో అనుకుంటారు" అని కృష్ణారావు నిట్టూర్చాడు. "కూర మాత్రం ఎంత ఘుమఘుమలాడిందో!"

కామేశ్వరికి నవ్వూ వచ్చింది, గర్వమూ వచ్చింది. ఆ సాయంత్రమే వంటింటి కిటికీలన్నీ బిగించి గుత్తొంకాయ కూర చేసింది. వాసన పక్కింటికి వెళ్లిందంటే మొగుడికి వంకాయ బాగానే పడుతుందని తెలిసిపోదూ!