బలపాలు తినే రోజుల్లో

నా చిన్నప్పుడు మా ఇంట్లో బలపాలు నిలిచేవి కావు. రాసి అరగదీసింది తక్కువ, కొరుక్కుని తిన్నదే ఎక్కువ. బలపం దొరక్కపోతే పచ్చి బియ్యం, అదీ లేకపోతే గోడ మట్టి. అమ్మ ఎన్నిసార్లు వీపు మీద ఒకటిచ్చినా ఆ కోరిక పోయేది కాదు.

తొలి తెలంగాణ ఉద్యమం రోజులవి. బళ్లు మూతపడ్డాయి. నాన్న నల్లగొండ పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టలు కుట్టేవాడు. విజయవాడ రోడ్డు మీద ఊరేగింపు పోతుంటే పిల్లలమంతా వెంట పరుగెత్తేవాళ్లం. నేను ‘జై’ అనేదాన్ని, ‘తెలంగాణ’ అనేలోపు ఊపిరి అందేది కాదు. గుండె దడదడలాడి రోడ్డు పక్కనే కూర్చుండిపోయేదాన్ని. “గీ పిల్లకు ఒళ్లు వంగదు” అనేవాడు నాన్న.

మా పక్క వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన అక్క ఒకామె కిరాయికి ఉండేది. దవాఖానలో నర్సు. బస్సులు ఆగిపోయి, ఆ గొడవల్లో గడప దాటడానికి భయపడి ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెకు పాలు, కూరగాయలు మా అమ్మే తెచ్చిపెట్టేది.

ఒకరోజు పొద్దున్నే అక్క నా నోట్లో బలపం చూసింది. తిట్టలేదు. వాకిట్లోని పిల్లలందరినీ పిలిచి, చేతి అద్దం పట్టుకుని కూర్చుంది. “కంటి కింది రెప్ప లాగి చూసుకోండి. ఎవరిది ఎర్రగా ఉంటే వాళ్లకి బెల్లం ముక్క” అంది. అందరికీ ఎర్రగానే ఉంది. నాది మాత్రం ముల్లంగిలా తెల్లగా ఉంది. ఏడుపు ముఖం పెట్టాను. అక్క అందరికంటే పెద్ద ముక్క నా చేతిలోనే పెట్టింది.

మా అల్లరి విని అమ్మ బయటికి వచ్చింది. నేను అమ్మను కూడా ఆటలోకి లాగాను. నవ్వుతూ వంగింది. రెప్ప లాగి చూస్తే నాకంటే తెలుపు. అక్క నవ్వు ఆగిపోయింది. అమ్మ చేయి అందుకుని గోళ్లు చూసింది. మధ్యలో గుంటలు పడి ఉన్నాయి.

“వదినా, బిందె ఎత్తితే ఆయాసం వస్తుందా? కళ్లు తిరుగుతాయా?”

“ఒస్తది. ఆడోళ్లకు గది మామూలే గదా చెల్లె.”

“మామూలు కాదు వదినా. ఒంట్లో రక్తం తగ్గింది. పిల్లకీ అంతే, బలపాలు తినేది అందుకే.”

అక్క ఇంకేదో చెవిలో అడిగితే అమ్మ తలూపింది. నెలనెలా రక్తం ఎక్కువగా పోతోందనీ, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదనీ నాకు పెద్దయ్యాక తెలిసింది.

మర్నాడు డాక్టరు దగ్గరికి నడిచే వెళ్లాం. వద్దన్నా అక్క మాతో వచ్చింది. దారిలో కుర్రాళ్లు ఆపి ఆమె ఎవరని అడిగితే, “మా చెల్లె” అన్నాడు నాన్న. మాట యాస పట్టిస్తుందని, ఎప్పుడూ గలగలమనే అక్క అక్కడికి చేరేదాకా నోరు తెరవలేదు.

చెప్పుల్లేకుండా మట్టిలో తిరిగినందుకు నా కడుపులో రక్తం తాగే పురుగులు చేరాయన్నారు. నాకు పురుగుల మందు, ఇద్దరికీ ఇనుము మాత్రలు ఇచ్చారు. మాత్ర నిమ్మనీళ్లతో వేసుకోవాలి, ఆ వేళకు చాయ్ తాగకూడదు. విరేచనం నల్లగా వస్తే నేను చచ్చిపోతానేమోనని బెంబేలెత్తాను. మాత్రల వల్లేనని చెప్పి అక్క కడుపుబ్బ నవ్వింది. కొన్ని వారాలకు బలపం ఉత్త రాయిలా చప్పగా అనిపించింది. కొన్ని నెలలకు అమ్మకు నాన్నతో గట్టిగా పోట్లాడే ఓపిక వచ్చింది. నాన్న ఆ పోట్లాటలకు లోలోపల మురిసిపోయేవాడు.

ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు. చాలా విషయాలు మరిచిపోతున్నాను గానీ, అమ్మ అన్న ‘మామూలే’ అనే మాటంటే నేటికీ భయమే. ఇంట్లో ఏ ఆడపిల్ల నోట ఆ మాట విన్నా, చేతిలో పని పక్కన పెట్టి ఆమె ఎదురుగా కూర్చుంటాను. ఎప్పటి నుంచి అని అడుగుతాను. ఆమె చెప్పేదాకా లేవను.